పావు మాత్ర

“కలలో ఏం కనిపిస్తుంది?” అని అడిగింది రిస్పర్.

డొరిన్ ఏడో నెల పొట్ట మీద చేతులు పెట్టుకుని, గుమ్మం బయట ఎండబెట్టిన చిన్న చేపలవైపు చూసింది. పోలీసు మనిషి ఇంటికొచ్చి కలల గురించి అడుగుతుందని అనుకుని ఉండదు. మాత్రలు ఎక్కడ పారేశావని అడుగుతుందనుకుంది. కొన్నాళ్ళుగా భర్త నుంచి పక్కింటివాళ్ళ దాకా అందరూ అడుగుతున్నది అదే.

“పడవలోంచి పడిపోతానక్కా,” అంది చివరికి. “నీళ్ళు తగలవు. పడుతూనే ఉంటాను. ఒక రాత్రి చచ్చిపోయిన మా నాన్న వచ్చి నా జుట్టు అల్లాడు. ఆ వేళ్ళు నిజంగా తగిలినట్టే ఉంది. లేచాక గది గిర్రున తిరుగుతుంది. గోడ పట్టుకుని బయటికి పోతాను.”

“ఇదివరకు కూడా ఇలాంటి కలలు వచ్చేవా?”

“లేదు. మాత్రలు మొదలుపెట్టిన రాత్రి నుంచే. మానేద్దామనుకున్నాను. బిడ్డ కోసం కళ్ళు మూసుకుని మింగుతున్నాను.” కాస్త ఆగి, “మీరు నమ్మరు కదా,” అంది.

“నమ్ముతున్నాను,” అంది రిస్పర్. ఆ ఒక్క మాటకే ఆ పిల్ల ఏడ్చేసింది.

రిస్పర్ అవినో కిసుము నగరం నుంచి వచ్చిన డిటెక్టివ్ సార్జెంట్. సరస్సు ఒడ్డునున్న ఈ కాగోలా రేవుకు ఆమెను పంపిన ఫిర్యాదు చూడ్డానికి చిన్నది. గర్భం వచ్చాక మొదటిసారి క్లినిక్‌కు వెళ్ళినప్పుడు డొరిన్‌కు హెచ్ఐవీ ఉందని తేలింది. ఆ రోజే మాత్రలు మొదలుపెట్టారు. మూడు నెలల తర్వాత రక్తం చూస్తే వైరస్ రవ్వంత కూడా తగ్గలేదు. దాంతో ఆమె భర్త, పడవ యజమాని జాడక్, క్లినిక్‌లో మందు అమ్ముకుని సుద్దబిళ్ళలు ఇస్తున్నారని స్టేషన్‌లో రాసిచ్చాడు. నర్సు సిప్రోజ్‌ను లాకప్‌లో వేశారు. క్లినిక్ తలుపుకు సీలు వేశారు. అప్పటినుంచి రేవులో మందు వేసుకునేవాళ్ళు ఒక్కొక్కరే మానేస్తున్నారు. కొందరు సీసాలతో సహా సరస్సులో విసిరేశారు.

పొద్దున్నే ల్యాబ్ నుంచి డాక్టర్ అబుటో ఫోన్ చేసి చెప్పిన సంగతి రిస్పర్‌ను ఇంకా వదల్లేదు. డొరిన్ మొదటిరోజు ఇచ్చిన రక్తం వాళ్ళ దగ్గర భద్రంగా ఉంది. దాన్ని తీసి పరీక్షించారు. ఆమె మొదటి మాత్ర మింగకముందే ఆమె ఒంట్లో ఉన్న వైరస్ ఆ మందుకు లొంగని రకం.

“అంటే మాత్రలు మానేసి పాడుచేసుకున్నది కాదా?” అని అడిగింది రిస్పర్.

“కాదు. వచ్చిన వైరసే అలా వచ్చింది. ఈ మందును ఎవరో అరకొరగా వాడారు. అరకొర మందు వైరస్‌కి చావు కాదు సార్జెంట్, చదువు. అలా చదువుకున్న వైరస్ వాళ్ళ నుంచి ఈ పిల్లకు చేరింది.”

బిడ్డ సంగతి అడిగితే డాక్టర్ గొంతు తగ్గించాడు. పుట్టగానే బిడ్డ నోట్లో పోసే చుక్కల మందు కూడా ఈ వైరస్‌కు పనిచెయ్యదు. తల్లికి ఈ వారంలోనే వేరే రకం మందు మొదలుపెట్టాలి. నైరోబీ నుంచి తెప్పించాలంటే నెల పడుతుంది. అదృష్టం కొద్దీ సిస్టర్ సిప్రోజ్ ముందుచూపుతో తెప్పించిన డబ్బాలు కొన్ని ఆ క్లినిక్ బీరువాలోనే ఉన్నాయి. సీలు వేసిన తలుపు వెనక.

డొరిన్ కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, రిస్పర్ మిగతావి అడిగింది. జీవితంలో జాడక్ తప్ప మరో మగవాడు లేడంది డొరిన్. ఆయన పరీక్ష చేయించుకున్నాడా అంటే, తనకేమీ లేదని ఆయన చెప్పాడంది. కాగితం చూశావా అంటే తల అడ్డంగా ఊపింది.

“చివరిసారి క్లినిక్‌కి ఎప్పుడు వెళ్ళావు?”

“సోమవారం మాత్రల కోసం వెళ్ళాను. అప్పటికే తాళం పడి ఉంది. బుధవారం ఊళ్ళో పెద్దాసుపత్రికి పిలిచి, మందు పనిచెయ్యట్లేదని చెప్పారు. ఆ సాయంత్రమే మా ఆయన స్టేషన్‌కి పరిగెత్తాడు.”

రిస్పర్ లేవబోయి మళ్ళీ కూర్చుంది. “సోమవారమా? బాగా గుర్తుందా?”

“సోమవారమే. సంత రోజు కదా, చేపల బుట్ట కూడా నా నెత్తిమీదే ఉంది.”

ఫిర్యాదు బుధవారం. సీలు సోమవారం. మందు పనిచెయ్యడం లేదని ఈ లోకంలో ఎవరికీ తెలియకముందే పోలీసులు మందు మీద అనుమానపడ్డారు.

*

స్టేషన్ వరండాలో ఇనస్పెక్టర్ ఒగాడా ఆమెను చూడగానే జేబులోంచి ఒక పిప్పరమెంటు తీసి, ఆకుపచ్చ కాగితం విప్పి నోట్లో వేసుకున్నాడు. ఉద్యోగంలో అతను ఆమెకు పై అధికారి. ఇంట్లో ఆమె చెల్లెలు మికాల్ మొగుడు. పైవాళ్ళకు ఈ చుట్టరికం తెలియదు. తెలిస్తే ఇద్దరిలో ఎవరో ఒకరిని ఈ కేసులోంచి తప్పించేవారు.

“రండి వదినా. డొరిన్ ఇంట్లో వంట ఏం చేశారో కనుక్కున్నారా?” అన్నాడు. “కిసుములో మిమ్మల్ని వంటింటి డిటెక్టివ్ అంటారటగా.”

“నీకు వంటింటి ముఖం చూసి ఎన్నాళ్ళయిందో గాని సగమయ్యావు. బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం ఎవరు పొడిచారు?”

అతను చొక్కా కిందికి లాక్కున్నాడు. క్యాంటీన్ తిండి అలా ఉంటుందన్నాడు. పొద్దున మికాల్ ఫోన్ చేసిందనీ, ఈస్టర్ నుంచి రెండుసార్లే ఇంటికి వచ్చావని వాపోయిందనీ, గ్యాస్ బండ తనే దొర్లించుకుంటోందనీ, రాత్రిళ్ళు నిద్ర కూడా సరిగా ఉండటం లేదనీ రిస్పర్ చెప్పింది. మీ చెల్లెలికి చిన్నప్పట్నుంచీ అన్నీ భయాలే కదా అని అతను తేలిగ్గా కొట్టిపారేశాడు.

ఆమె క్లినిక్ తాళంచెవి అడిగింది. కుదరదన్నాడు. లోపలున్నదంతా సాక్ష్యం. నైరోబీ నుంచి నిపుణులు వచ్చి చూసేదాకా చీమను కూడా పోనివ్వనన్నాడు.

“అక్కడున్న మందు ఒక బిడ్డకు కావాలి.”

“అది మందు కాదు. సుద్ద.”

“సుద్ద మింగితే కలలు రావు ఒగాడా. ఆ మాత్ర వేసుకుంటే పీడకలలొస్తాయని డాక్టర్లు ముందే చెప్పి ఇస్తారు. మూడు నెలలుగా ఆ పిల్లకు రాత్రి నిద్ర లేదు. మందు అసలుదే, తను మింగిందీ నిజమే. సిప్రోజ్ తప్పూ లేదు, డొరిన్ తప్పూ లేదు.”

“పొద్దున్నే గోడ పట్టుకుని నడిచినంతమాత్రాన మందు మంచిదైపోదు వదినా.” అతని గొంతు అనవసరంగా పెరిగింది. “అసలు మందయితే మనిషి బాగుపడాలి. బాగుపడ్డారా? ఆ సిప్రోజ్ జనాన్ని నిలువునా ముంచింది. నేను దాన్ని వదలను.”

అతని కోపం ఉద్యోగం కోసం పడే కోపంలా లేదు. సొంత ఇంట్లో దొంగతనం జరిగినవాడి కోపంలా ఉంది.

లోపలికి వెళ్ళేటప్పుడు లాకప్ ఊచల వెనక సిప్రోజ్ కనిపించింది. వయసుమళ్ళిన మనిషి. తన సంగతి ఒక్కటీ అడగలేదు. డొరిన్ ఇవాళ మాత్ర వేసుకుందా అని మాత్రం అడిగింది. వేసుకున్నా లాభం లేదని ఆమెకు చెప్పడానికి రిస్పర్‌కు నోరు రాలేదు. ఎవరైనా ఈ మందు సగం సగం వాడే అవకాశముందా అని అడిగింది.

“ఇక్కడికొచ్చి తీసుకునేవాళ్ళు నాకు తెలుసు. రానివాళ్ళ సంగతే నాకు తెలియదు,” అంది సిప్రోజ్. “సొంత రేవులో మందు తీసుకుంటే అందరికీ తెలిసిపోతుందని అవతలి ఒడ్డుకు పోయేవాళ్ళున్నారు. సీసా గలగలమంటే పడవలోనే బయటపడతారు. అందుకని దూది కుక్కుకుంటారు.”

*

జాడక్ ఇంటి ఆవరణలో గేటుకు ఎదురుగా ఉన్న ఇల్లు పెద్దభార్య బెంటాది. డొరిన్ ఇల్లు దానికి ఎడమవైపు. కొత్త వల నీళ్ళలోకి దించాలన్నా, విత్తనం వెయ్యాలన్నా ముందురోజు రాత్రి జాడక్ పెద్దభార్య ఇంట్లోనే తిని అక్కడే పడుకోవాలి. అది ఇంటి పద్ధతి. వల లేని రోజుల్లో కూడా ఆయన రాత్రి భోజనానికి ముందు ఒకసారి ఆ ఇంటికి వెళ్ళొస్తాడని డొరిన్ మాటల మధ్యలో చెప్పింది. పెద్దామె మీద గౌరవం అనుకుందట.

రిస్పర్ వెళ్ళేసరికి బెంటా పొయ్యి మీద మొక్కజొన్న పిండితో ఉగాలి ముద్ద కలుపుతోంది. యాభై దాటిన మనిషి. కూర్చోమని పీట చూపించి, పాలటీ గ్లాసులో పోసి ఇచ్చింది. డొరిన్ గురించి అడిగితే, చిన్నపిల్ల, పాపం అంది. సిప్రోజ్ గురించి అడిగితే గరిటె తిప్పడం ఆపి, మళ్ళీ తిప్పింది. తనెప్పుడూ ఆ క్లినిక్ మెట్లు ఎక్కలేదంది.

రిస్పర్ టీ తాగుతూ ఇల్లంతా చూసింది. పొయ్యి పైన అలమరలో వరసగా డబ్బాలు. టీ పొడి, పంచదార, ఉప్పు. మసి పట్టి అన్నీ నల్లగా ఉన్నాయి. చివరనున్న పాత వంటకొవ్వు డబ్బా మూత మాత్రం రోజూ చేతులు తగిలి మెరుస్తోంది. దాని పక్కన గోడ పగుల్లో ఒక బ్లేడు దోపి ఉంది.

“ఇన్ని చేపల కత్తులున్న ఇంట్లో బ్లేడెందుకక్కా?”

బెంటా జవాబు చెప్పేలోగా ఆమె లేచి ఆ డబ్బా దించింది. ఊపి చూసింది. బరువుంది, చప్పుడు లేదు.

మూత తీస్తే దూది. దూది తీస్తే మాత్రలు. పెద్ద తెల్ల మాత్రలు, ఒక్కోటీ మధ్యకు రెండుగా కోసి ఉన్నాయి.

గిన్నెలో ఉగాలి మాడుతున్న వాసన వచ్చింది. బెంటా పొయ్యి మీంచి దించలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. తర్వాత రిస్పర్ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. తనకు జబ్బుందని తెలిసి చాలా ఏళ్ళయింది. నెలకోసారి తల్లిని చూడ్డానికని చెప్పి అవతలి ఒడ్డుకు పోయి, వేరే పేరుతో మందు తెచ్చుకునేది. ఒకరోజు జాడక్ చూశాడు. కొడతాడనుకుంది. ఆయన కూర్చుని ఏడ్చాడు. తనకూ ఉండే ఉంటుందన్నాడు.

“క్లినిక్‌కి తీసుకెళ్ళాల్సింది,” అంది రిస్పర్.

“ఆయన క్లినిక్‌కి వెళ్ళిన సాయంత్రం పడవలోవాళ్ళంతా దిగిపోతారమ్మా. జబ్బు మనిషి పడవకు చేప పడదంటారు. వల లాగేవాళ్ళు లేకపోతే రెండిళ్ళు ఏం తింటాయి?” బెంటా డబ్బావైపు చూసింది. “ఇంట్లో ఒక చేపే ఉంటే ఇద్దరం తిన్నాం. తల ఆయనకు, తోక నాకు. మాత్ర కూడా అంతే అనుకున్నాను. అంత పెద్దగా ఉంటుంది కదా.”

“ఎన్నాళ్ళుగా?”

“డొరిన్ ఈ ఇంటికి రాకముందు నుంచి. మందు వేసుకునే మనిషి నుంచి ఎదుటివాళ్ళకు అంటదని అక్కడి నర్సులు చెప్పారు. అందుకే ఆయన రెండో పెళ్ళంటే నేను అడ్డుపడలేదు.”

రిస్పర్ వీలైనంత మెల్లగా చెప్పింది. అంటదన్నది మాత్ర మొత్తం వేసుకునేవాళ్ళ మాట. సగం మాత్రతో వైరస్ చావలేదు, మందును గుర్తుపట్టడం నేర్చుకుంది. నేర్చుకున్నది డొరిన్‌లోకి వెళ్ళింది. ఇప్పుడు ఆమె వేసుకుంటున్న మంచి మందు కూడా అందుకే పనిచెయ్యట్లేదు. పుట్టబోయే బిడ్డ దాకా వస్తుంది.

బెంటా ఏడవలేదు. అర్థం కానట్టు రిస్పర్ పెదాలవైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత తన రెండు చేతులు తిప్పి అరచేతులు చూసుకుంది.

“నేనే కోశాను,” అంది. “రోజూ నేనే కోశాను. పెద్ద ముక్క ఆయనకు ఇచ్చాను.”

ఆయన తన ముక్క ఇక్కడే మింగుతాడా, ఎక్కడైనా దాస్తాడా అని రిస్పర్ అడిగింది. ఆయన మంచం కింది దీపాల పెట్టెలో దాస్తాడంది బెంటా. చేపల వేటకు తీసుకెళ్ళే దీపాల సామాను అందులో ఉంటుంది. పడవ కుర్రాళ్ళు దాన్ని ముట్టుకోరు. బెంటా దాన్ని లాగి మూత తీసింది. పాత వత్తులు, సగం తుప్పు పట్టిన బర్నర్, వాటి కింద ఒక గుడ్డ మూట. మూటలో చిన్న చిన్న పొట్లాలు.

రిస్పర్ ఒకటి విప్పింది. లోపల మాత్ర ముక్క ఉంది. సగం కాదు. పావు.

“నేను రెండు ముక్కలే చేస్తాను,” అంది బెంటా. ఇంకో పొట్లం విప్పింది. పావే. ఇంకోటి. పావే. “అయ్యో. ఇంకా కోశాడు. ఎవరికి కోశాడు? డొరిన్‌కా?”

“డొరిన్‌కి క్లినిక్ మాత్రలు ఉన్నాయిగా.” రిస్పర్ చేతిలోని కాగితాన్ని వెలుతురుకు తిప్పింది. పొట్లాలన్నీ ఒకే రకం కాగితంతో కట్టి ఉన్నాయి. ఆకుపచ్చది. దగ్గరికి తెస్తే ఇంకా పిప్పరమెంటు వాసన వస్తోంది.

ఆ కాగితం గంట క్రితమే ఒకరి వేళ్ళ మధ్య చూసింది.

గుమ్మంలో వెలుతురు తగ్గింది. ఒగాడా తల వంచి లోపలికి వచ్చాడు. “పెద్దావిడ ఇంట్లో మీకేం పని వదినా? నా అనుమతి లేకుండా సోదా...” అని అంటూనే రిస్పర్ చేతిలోకి చూశాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

“అక్కా, నువ్వు కాసేపు డొరిన్ దగ్గర కూర్చో,” అంది రిస్పర్. బెంటా మాడిన గిన్నె పట్టుకుని, అదెందుకు పట్టుకుందో తెలియకుండానే బయటికి వెళ్ళింది.

“గోడ పట్టుకుని నడుస్తుందని నీతో నేను చెప్పలేదు,” అంది రిస్పర్. “కలలని మాత్రమే చెప్పాను. నీకెలా తెలిసింది? ఎవరూ ఫిర్యాదు చెయ్యకముందే సోమవారం తలుపుకు సీలెందుకు వేశావు? మందు పనిచెయ్యట్లేదని నీకెవరు చెప్పారు ఒగాడా?”

అతను జేబు తడుముకున్నాడు. పిప్పరమెంటు తీశాడు. విప్పకుండా పిడికిట్లో పట్టుకుని జాడక్ మంచం మీద కూలబడ్డాడు.

“వేరే ఊళ్ళో, వేరే పేరుతో రక్తం చూపించుకున్నాను,” అన్నాడు. “ముందటికన్నా అధ్వాన్నంగా ఉందన్నారు. ఏడాదిగా ఒక్కరోజు మానలేదు వదినా. ఇనస్పెక్టర్ని, ఆ క్లినిక్ లైన్లో ఎలా నిలబడను? జాడక్ తెచ్చిస్తానన్నాడు. సిప్రోజ్ ఇచ్చిందే అన్నాడు. బలమైన మందు, ముక్క చాలన్నాడు. అయినా నేను ఎండిపోతుంటే, ఆమె నన్ను సుద్దతో చంపుతోందనుకున్నాను.”

“సుద్ద కాదు. పావు.”

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆమె డబ్బా చూపించింది, పొట్లం చూపించింది. బెంటా అన్నదంతా చెప్పింది. డాక్టర్ అన్నదీ చెప్పింది. చెబుతున్నకొద్దీ అతని ముఖంలో పోలీసు పోయి, పెళ్ళినాడు తమ ఇంటి గుమ్మంలో బిడియంగా నిలబడ్డ కుర్రాడు బయటికి వచ్చాడు.

“తాళంచెవి,” అంది రిస్పర్ చెయ్యి చాపి.

అతను బెల్టుకున్న గుత్తిలోంచి తీసి ఇచ్చాడు. సిప్రోజ్‌ను వదిలిపెట్టమని స్టేషన్‌కు ఫోన్ కూడా చేశాడు. డొరిన్ చేతిలో ఇవాళే కొత్త మందు పడుతుంది. బిడ్డకు ఇంకా సమయం ఉంది. రిస్పర్ తాళంచెవి గట్టిగా పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

“వదినా,” అన్నాడు వెనకనుంచి. “పావుతో కూడా అది నేర్చుకుంటుందా?”

ఆమె వెనక్కి తిరిగింది.

“మందు వేసుకుంటున్నాను కదా, అంటదనుకున్నాను,” అన్నాడు. “ఈస్టర్ తర్వాత ఇంటికి వెళ్ళింది రెండుసార్లే. మికాల్‌కు ఏమీ తెలియదు. నేను చెప్పలేదు.”

పొద్దున చెల్లెలితో మాట్లాడిన మాటలన్నీ రిస్పర్‌కు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. గ్యాస్ బండ గురించి, మొగుడి గురించి చెప్పుకుని, ఫోన్ పెట్టేముందు మికాల్ ఇంకో మాట అంది. ఈమధ్య పొద్దున లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంది. ఊరికే భయమేస్తోందంది. రాత్రిపూట నూనె వంటలు తినకని సలహా ఇచ్చి తనే ఫోన్ పెట్టేసింది.

ఆమె ఫోన్ తీసింది. అవతల రెండో మోతకే ఎత్తారు. వెనక ఎక్కడో కుక్కర్ ఈల వేస్తోంది.

“అక్కా? మళ్ళీ ఏంటి?”

“మికాల్,” అంది రిస్పర్. ఆమె కళ్ళు మంచం మీదున్న మనిషిని వదల్లేదు. “రాత్రి నీకు ఏం కల వచ్చింది?”

అవతల మికాల్ పొయ్యి ఆపిన చప్పుడు, వంటింటి తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించాయి.

“ఆయనకు చెప్పనని ఒట్టెయ్యి అక్కా,” అంది గుసగుసగా. “మాత్రలు మొదలుపెట్టి నెల అయింది.”